అమెరికా నుంచి అక్కావాళ్ళు వస్తున్నారు, 7 రోజుల హోమ్ క్వారంటైన్ అంట. ఇంట్లో ఉన్న మేం కూడా కదలకూడదా?

పటమట_తమ్ముడు · 8 జనవరి 2022, రాత్రి 9:40

అందరికీ నమస్కారం అండి. ఎవరికైనా క్లారిటీ ఉంటే చెప్పండి, నిన్నటి నించి ఇంట్లో ఇదే గొడవ. మా అక్క, బావ, మూడేళ్ళ మేనల్లుడు డల్లాస్ నుంచి దోహా మీదుగా 12వ తారీఖు తెల్లారుజామున శంషాబాద్‌లో దిగుతున్నారు, అక్కణ్ణుంచి కారులో బెజవాడ. రెండున్నరేళ్ళయింది వాళ్ళని చూసి. పిల్లాడికి భోగిపళ్ళు పొయ్యాలని మా అమ్మ నెల ముందే వీధంతా పిలిచేసింది. తీరా నిన్న టీవీలో చెప్పారు, కరోనా వల్ల 11 నించి ఏ దేశం నించి వచ్చినా 7 రోజులు ఇంట్లోనే ఉండాలి, 8వ రోజు ఆర్టీపీసీఆర్ (ముక్కులో పుల్ల పెట్టి చేసే కరోనా టెస్టు) చేయించుకోవాలి అని. భోగి 14. ఇంక లెక్క మీరే చూస్కోండి.

నా డౌట్లు ఏంటంటే, ఇంట్లో ఉండాలి అంటే ఇంట్లోవాళ్ళతో కలిసి తిరగొచ్చనా, గదిలో విడిగా ఉండాలనా? నేనూ అమ్మా నాన్నా 81 ఏళ్ళ అమ్మమ్మా, మేం కూడా బయటికి వెళ్ళకూడదా, నాకు బెంజి సర్కిల్ దగ్గర ఆఫీసు, సోమవారం నించి రమ్మంటున్నారు. పనావిడ రావచ్చా? ఐదేళ్ళలోపు పిల్లలకి టెస్టు లేదంటున్నారు కదా, అంటే మావాడికి క్వారంటైన్ కూడా లేనట్టేనా? రెండు బెడ్రూములు, ఒకటే బాత్రూము.

బ్రాడీపేట_4వ_లైను · 8 జనవరి, రాత్రి 10:05

మొన్న డిసెంబర్లో మా తమ్ముడు లండన్ నించి వచ్చాడు కాబట్టి ఈ లిస్టులన్నీ నాకు కంఠతా వచ్చేసినయ్. బ్రిటన్, యూరప్, సౌతాఫ్రికా లాంటివి రిస్క్ దేశాలు, అక్కణ్ణుంచి వస్తే ఎయిర్‌పోర్టులోనే శాంపిల్ ఇచ్చి రిజల్ట్ వచ్చిందాకా కూర్చోవాలి. అమెరికా ఆ లిస్టులో లేదు, నూటికి ఇద్దరిని ఏరి శాంపిల్ తీసుకుంటారు, ఇచ్చేసి వచ్చెయ్యొచ్చు. కానీ 7 రోజుల రూలు మాత్రం 11 నించి రెండు రకాలకీ ఒకటే. రెండు డోసులూ బూస్టరూ వేయించుకున్నామన్నా మినహాయింపు లేదు.

బయల్దేరే ముందు ఎయిర్ సువిధ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఫారం నింపాలి, 72 గంటల్లోపు చేయించిన ఆర్టీపీసీఆర్ నెగెటివ్ అప్‌లోడ్ చెయ్యాలి. రిపోర్టులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూస్కోమనండి. మావాడి రిపోర్టులో ఇంటిపేరు ఎగిరిపోతే అక్కడ కౌంటర్లో గంటన్నర నిలబెట్టారు.

పిల్లాడికి లేనిది టెస్టు మాత్రమే, క్వారంటైన్ ఉంది. తల్లి గదిలో ఉంటే పిల్లాడు బయట తిరుగుతాడా ఏంది?

ఉల్టాగా_చెప్తా · 8 జనవరి, రాత్రి 10:31

ఏంది బ్రో నువ్వు మరీను. ఎవడొచ్చి చూస్తాడు మీ ఇంట్లో? పండక్కి అంపాపురంలో, ఈడుపుగల్లులో కోడిపందాల దగ్గర వేలమంది ఒకడి మీద ఒకడు పడతారు, వాళ్ళకి లేని కరోనా మీ అక్కకే ఉంటదా. డోసులు మూడు, చేతిలో నెగెటివ్ రిపోర్టు. భోగిపళ్ళు పోసుకోండి హాయిగా.

ల్యాబ్‌కోటు_గుంటూరు · 8 జనవరి, రాత్రి 11:12

నేను ల్యాబ్‌లోనే పనిచేస్తా, రోజంతా ఈ ముక్కుపుల్లలతోనే బతుకు కాబట్టి చెప్తన్నా. బయల్దేరే ముందు చేసిన టెస్టు ఆ రోజు ముక్కులో వైరస్ దొరికిందా లేదా అని మాత్రమే చెప్తది. నిన్న సాయంత్రం అంటుకుంటే ఇవాళ టెస్టులో దొరకదు, రెండు మూడు రోజులు పోతేగానీ పట్టుకోలేం. ఎయిర్‌పోర్టు క్యూ, విమానంలో ఇరవై గంటలు, మధ్యలో మాస్కు తీసి భోజనం, ఇవన్నీ ఆ రిపోర్టు తర్వాత జరిగేవే కదా. మన రాష్ట్రంలో మొదటి ఒమిక్రాన్ (ఈ కొత్త రకం కరోనా) కేసు గుర్తుందా, పోయిన నెల్లో, ఐర్లాండ్ నించి వచ్చినాయన. ముంబైలో నెగెటివ్, విజయనగరంలో మళ్ళీ చేస్తే పాజిటివ్. ఆ రెండో టెస్టు లేకపోతే దొరికేదే కాదు.

పటమట తమ్ముడూ, మీ ఇంట్లో నాకు భయం వేసేది ఒకటే, 81 ఏళ్ళావిడ, ఒకటే బాత్రూము. వేరే ఏర్పాటు ఏమన్నా ఉందా? పక్కన ఖాళీ ఇల్లు, బంధువుల పోర్షన్, ఏదైనా?

పటమట_తమ్ముడు · 8 జనవరి, రాత్రి 11:30

పైన పోర్షన్ ఉందండి, అద్దెకిచ్చేది, నవంబర్ నించి ఖాళీ, టూలెట్ బోర్డు ఇంకా వేలాడుతోంది. బెడ్రూము, హాలు, వంటిల్లు, బాత్రూము. మెట్లు బయట నించే. కానీ అమ్మ ససేమిరా అంటోంది. అల్లుణ్ణి పై వాటాలో పెట్టి కంచం గుమ్మం ముందు పెట్టిపోతే తెనాల్లో వియ్యపురాలు ఏమనుకుంటది, రేపు పదిమందిలో అనదా అని.

ల్యాబ్‌కోటు_గుంటూరు · 8 జనవరి, రాత్రి 11:34

మెట్లు బయట నించి ఉన్న ఖాళీ పోర్షన్ పెట్టుకుని ఇంతసేపూ మమ్మల్ని అడుగుతున్నావా నాయనా 😀 రేపే బూజు దులిపించు. కింద మీరు ఎవర్నీ ముట్టుకోకపోతే మీకు ఏ రూలూ లేదు, ఆఫీసుకి పో. రూలు వచ్చినవాళ్ళకి. ఇంట్లోవాళ్ళకి ఎప్పుడు పడుద్దంటే, వచ్చినవాళ్ళలో ఒకళ్ళు పాజిటివ్ అయ్యి, మీరు వాళ్ళతో కలిసి ఉంటే. అందుకే ముందు నించే విడిగా ఉంటే మీ ఉద్యోగం, పనావిడ రోజుకూలీ, అన్నీ మిగుల్తయ్. పనావిడని పైకి మాత్రం పంపొద్దు, పాపం ఆమె నాలుగిళ్ళు తిరుగుద్ది.

కుంచనపల్లి_మాస్టారు · 9 జనవరి, ఉదయం 6:20

పొద్దున్నే లేచి ఇదంతా చదివాను. మీ అమ్మగారికి నా మాటగా చెప్పు బాబూ. మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరికన్నా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. కొత్తవాళ్ళు ఆ గుమ్మం తొక్కేవాళ్ళు కాదు, ఇంట్లోవాళ్ళు ఇంకొకళ్ళ ఇంటికి వెళ్ళేవాళ్ళు కాదు, తలంటు పోసిందాకా అంతే. ఎవరన్నా దాన్ని మర్యాద తక్కువ అనుకున్నారా? పురుడొస్తే పదకొండు రోజులు, మైల వస్తే పది రోజులు. విడిగా ఉండటం మనకేం కొత్త కాదు, పేరే కొత్త. వియ్యపురాలిగారికి ముందే ఫోన్ చేసి చెప్పమను, తర్వాత తెలిస్తే తప్పుగా ఉంటుంది.

ఉల్టాగారికి ఒక మాట. చూసేవాడు లేడు అన్నది నిజమే కావచ్చు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఉంది, ఐపీసీలో 188, 269, 271 సెక్షన్లు ఉన్నాయి, అవన్నీ పోలీసువాడు గుమ్మంలో నిలబడ్డప్పుడు సంగతి. మీ పక్కింటి డెబ్బై ఏళ్ళాయన ఏ సెక్షనూ చదవడు, ఆయనకి ఊపిరి అందకపోతే ఆ రాత్రి కారు తియ్యాల్సింది మీరే.

ఉల్టాగా_చెప్తా · 9 జనవరి, ఉదయం 8:02

మాస్టారూ మీరన్నది కాదనను, కానీ పండగ పేరు చెప్పి పందాల దగ్గర ఎవరూ ఏమీ అనరు. వైరస్ ఏమన్నా క్యాలెండర్ చూస్కుని వస్తదా. రూలు అందరికీ ఒకటే అయితే నేనూ పాటిస్తా.

కృష్ణలంక_దుబాయ్ · 9 జనవరి, ఉదయం 9:47

మీకివన్నీ జోకుల్లా ఉన్నయ్ గానీ 2020 జులైలో నేను వచ్చినప్పుడు చూడాల్సింది. అప్పుడు 7 రోజులు హోటల్లో, డబ్బులు మనవే, తర్వాత ఇంకో 7 రోజులు ఇంట్లో. హోటల్ కిటికీ తెరుచుకోదు, అద్దం. అందులోంచి కింద రోడ్డు మీద ఇడ్లీబండి కనపడేది, రోజూ ఆరింటికి ఆవిరి లేచేది, నాకేమో ప్లాస్టిక్ డబ్బాలో చల్లారిపోయిన ఉప్మా. ఏడు రోజులు ఆ ఆవిరి చూస్తూ కూర్చున్నా. మా ఇల్లు అక్కడికి రెండు కిలోమీటర్లు. మా ఆవిడ స్కూటీ మీద వచ్చి కింద నిలబడి ఫోన్ చేసేది, చెయ్యి ఊపేది, పోయేది.

దానికన్నా ఇంటికొచ్చిన తర్వాతే నరకం అండి. వాలంటీరు పిల్లాడు రెండుసార్లొచ్చి టెంపరేచర్ రాసుకుపోయాడు, అదేం పర్లేదు పాపం వాడి పని వాడిది. గేటుకి ఒక కాగితం అంటించారు. ఆ కాగితం చూసి పాలవాడు మానేశాడు, ఎదురింటివాళ్ళు వాళ్ళ పిల్లల్ని మా వైపు కిటికీ దగ్గరికి కూడా రానివ్వలా. నాకు రోగం లేదు, మూడు టెస్టులు నెగెటివ్. ఆ కాగితం పీకేశాక కూడా గోడ మీద జిగురు మరక సంక్రాంతి సున్నం దాకా అట్టాగే ఉంది.

కుంచనపల్లి_మాస్టారు · 9 జనవరి, ఉదయం 10:15

ఆ కాగితాల మీద సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది బాబూ. విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారి ప్రత్యేకంగా ఆదేశం ఇస్తే తప్ప కోవిడ్ వచ్చినవాళ్ళ ఇళ్ళ ముందు పోస్టర్లు అంటించకూడదని. నీకు ఐదు నెలలు ఆలస్యంగా వచ్చింది ఆ తీర్పు.

సత్యనారాయణపురం_శైలు · 9 జనవరి, మధ్యాహ్నం 1:20

నేను కిందటేడు ఇలాగే చేశాను కాబట్టి ఆడవాళ్ళకి తెలిసే విషయాలు కొన్ని చెప్తా, మగవాళ్ళెవరూ ఇవి రాయలేదు. పైకి స్టీలు కంచాలు పంపకండి, పంపితే అవి పైనే ఉండాలి, వాళ్ళే కడుక్కోవాలి. లేదా విస్తరాకులు. మెట్ల పైన ఒక స్టూలు వెయ్యండి, అన్నం గిన్నెలు అక్కడ పెట్టి కిందకి వచ్చాక ఫోన్ కొట్టాలి, గిన్నె అందిస్తూ కబుర్లు మొదలయ్యాయో అయిపోయినట్టే. పసివాడున్నాడు కాబట్టి పాలు కాచుకోడానికి పైన చిన్న స్టవ్వు, మిక్సీ, బియ్యం, పెసరపప్పు ముందే పెట్టెయ్యండి, జెట్‌లాగ్‌లో పిల్లలకి రాత్రి రెండింటికి ఆకలేస్తుంది. చెత్త కవరు విడిగా ముడేసి మూడ్రోజులు ఉంచి వెయ్యండి. దోమల బ్యాట్ కూడా పెట్టండి, కిటికీలన్నీ తెరిచే ఉంచాలిగా.

ఇంకోటి, శంషాబాద్ నించి వచ్చేటప్పుడు సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగుతారు చూడండి అందరూ, ఆగొద్దు. మీరు కారు పంపితే అందులోనే ఇడ్లీ, నీళ్ళు పెట్టి పంపండి. ఏసీ వద్దు, అద్దాలు దించుకోమనండి.

పటమట_తమ్ముడు · 12 జనవరి, సాయంత్రం 5:55

వచ్చేశారు. పై పోర్షనే ఫైనల్. అమ్మని ఒప్పించింది మేం ఎవరం కాదు, అమ్మమ్మ. మాస్టారి పోస్టు చదివి వినిపించా (గట్టిగా అరిచి చదవాలి, చెవుడు). విని, "అయితే వాళ్ళు మడి కట్టుకున్నారనుకో, తప్పేముంది, నేను మీ తాతకి మడికట్టుకుని వండలా" అంది. అంతే, అమ్మ నోరు మూసింది.

కారు దిగిన మేనల్లుడు మా అమ్మ వైపు పరుగెత్తబోతే అక్క చంకనేసుకుని మెట్లెక్కేసింది, వాడు పైదాకా ఏడుస్తూనే ఉన్నాడు. అమ్మ కింద కుళాయి దగ్గర నిలబడి ఊరికే చేతులు కడుక్కుంటా ఉంది. చూడలేకపోయా.

8వ రోజంటే 19 ఆ 20 ఆ? బావ దిగిన రోజు సున్నా అంటున్నాడు.

ల్యాబ్‌కోటు_గుంటూరు · 12 జనవరి, రాత్రి 7:10

12 ఒకటి, 19 ఎనిమిది. మీ వార్డు సచివాలయంలో ఏఎన్‌ఎంని (ప్రభుత్వ నర్సు) కూడా అడిగి పెట్టుకోండి. రిపోర్టు మళ్ళీ ఎయిర్ సువిధలో అప్‌లోడ్ చెయ్యాలి, అది చాలామంది మర్చిపోతున్నారు. మెడికల్ షాపులో దొరికే 250 రూపాయల సెల్ఫ్ కిట్టు దీనికి చెల్లదు.

పటమట_తమ్ముడు · 14 జనవరి, రాత్రి 8:30

భోగిపళ్ళు అయినయ్! ఎట్లా అంటే చెప్తా. శైలు గారూ మీ స్టూలు కాన్సెప్ట్‌ని మా అమ్మమ్మ ఒక మెట్టు పైకి తీసుకెళ్ళింది. బావి తాడు తీయించింది, పాత నీలం ప్లాస్టిక్ బకెట్‌కి కట్టి బాల్కనీ నించి వదలమంది. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రెక్కలు, నానబెట్టిన శెనగలు, చిల్లర పైసలు అన్నీ కింద కలిపి బకెట్లో పోస్తే బావ పైకి లాగాడు. అక్కే బాల్కనీలో పీట వేసి పిల్లాణ్ణి కూర్చోబెట్టి దిష్టి తీసి తలమీద పోసింది. కింద వాకిట్లో అమ్మ, అమ్మమ్మ, మాస్కులేసుకున్న ఓ పదిమంది పేరంటాళ్ళు (ముప్ఫై మందిని పిలిచింది, మిగతావాళ్ళకి తనే ఫోన్ చేసి రావద్దంది) హారతి పాట పాడారు. వాడు తలమీద పడ్డ రేగిపండు తీసి కొరికి మళ్ళీ కిందకి విసిరాడు, సరిగ్గా అమ్మమ్మ ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని కొంగున కట్టుకుంది, కడిగిందో లేదో నేను అడగలా.

తెనాలి అత్తయ్యగారు కనుమ రోజు వస్తామన్నారు, గేటు బయట నించే చూసి పోతారంట.

ఉల్టాగా_చెప్తా · 14 జనవరి, రాత్రి 9:02

బకెట్ ఐడియా బాగుంది బ్రో. పందాలకి పోలా నేను, చెప్పొద్దూ, మా నాన్నకి షుగరు.

పటమట_తమ్ముడు · 20 జనవరి, మధ్యాహ్నం 12:10

రిజల్ట్ వచ్చింది. అక్క నెగెటివ్, బావ పాజిటివ్. మూడ్రోజుల్నించీ కాస్త గొంతు గరగర అంటున్నాడు, పైన దుమ్ము అనుకున్నాం.

ఇప్పుడు అసలు విషయం బయటపడింది. కనుమ రాత్రి పిల్లాడు ఏడుపు ఆపట్లేదని అమ్మ మాకు చెప్పకుండా పైకెళ్ళి పొద్దున దాకా వాణ్ణి పక్కలో వేసుకుని పడుకుందంట. మాస్కు లేదు. ఇప్పుడు మా లెక్క ఏంటి? అమ్మకి బీపీ ఉంది. తిట్టాలో ఏం చెయ్యాలో అర్థం కావట్లేదు.

సత్యనారాయణపురం_శైలు · 20 జనవరి, మధ్యాహ్నం 12:14

తిట్టకండి. నేనైనా అదే చేసేదాన్ని.

ల్యాబ్‌కోటు_గుంటూరు · 20 జనవరి, మధ్యాహ్నం 1:25

కంగారు పడొద్దు. ఒక్కొక్కటీ చెప్తా. బావగారు: పాజిటివ్ తేలినప్పటి నించి 7 రోజులు, ఆఖరి మూడు రోజులు జ్వరం లేకుండా ఉంటే ఐసొలేషన్ అయిపోయినట్టే, మళ్ళీ టెస్టు అక్కర్లేదు. ఊరికే మనసు ఊరుకోక మళ్ళీ చేయించుకోకండి, తగ్గిన తర్వాత కూడా వారాల తరబడి ఆర్టీపీసీఆర్‌లో పాజిటివ్ రావచ్చు, అప్పుడు లేని భయం. బెడ్రూము ఆయనకి, అక్కా పిల్లాడూ హాల్లో. బాత్రూము ఒకటే కాబట్టి ఆయన అందరికన్నా ఆఖరున, కిటికీ తెరిచి, ఫ్యాను వేసి వదిలెయ్యండి ఓ అరగంట. ఆక్సీమీటరు (వేలికి పెట్టి ఆక్సిజన్ చూసేది) పెట్టుకోండి, 94 కన్నా తగ్గినా ఆయాసం వచ్చినా 104 హెల్ప్‌లైన్‌కి చెయ్యండి, రేపు చూద్దాం అనుకోవద్దు.

అమ్మగారు కాంటాక్ట్ కిందకి వస్తారు. ఈ నెల 10న ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) చెప్పినదాని ప్రకారం లక్షణాలు లేని కాంటాక్టులందరికీ టెస్టు అవసరం లేదు, వయసు మీద పడ్డవాళ్ళు, బీపీ షుగర్లు ఉన్నవాళ్ళకి చెయ్యాలి. అమ్మకి, అమ్మమ్మకి చేయించండి. అమ్మమ్మకి రెండో డోసు అయ్యి 9 నెలలు దాటిందా? ఈ నెల 10వ తారీఖు నించి, 60 ఏళ్ళు దాటి జబ్బులున్నవాళ్ళకి ప్రికాషన్ డోసు (మూడో డోసు) ఇస్తున్నారు, కానీ ఇప్పుడే కాదు, ఇది తేలాక.

ఇవాళ్టి నించి అమ్మ ఒక గదిలో, అమ్మమ్మ ఇంకో గదిలో. నువ్వు ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పు.

పటమట_తమ్ముడు · 23 జనవరి, రాత్రి 9:15

ఏఎన్‌ఎం గారు వచ్చి మాకూ వారం చెప్పారు. అమ్మ నెగెటివ్, అమ్మమ్మ నెగెటివ్. బావకి ఒక రాత్రి 100 జ్వరం, తర్వాత మామూలే. పనావిడకి ఈ వారం జీతం కొయ్యనని అమ్మ ముందే చెప్పేసింది.

నాన్న వంట చేస్తున్నాడండి. మా ఇంట్లో ఇదే పెద్ద వార్త. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడు.

బావ ఫిబ్రవరి 6న వెళ్ళాలి. అమెరికాకి ఒక్క రోజు ముందు టెస్టు నెగెటివ్ ఉండాలంట కదా, ఇంకా పాజిటివ్ వస్తే?

బ్రాడీపేట_4వ_లైను · 23 జనవరి, రాత్రి 9:50

దానికి దారుంది. 90 రోజుల్లోపు పాజిటివ్ వచ్చి తగ్గినవాళ్ళు ఆ పాజిటివ్ రిపోర్టు, ప్రయాణానికి పనికొస్తారని డాక్టర్ రాసిచ్చిన లెటరు, రెండూ చూపిస్తే ఒప్పుకుంటారు. ఆ 20వ తారీఖు రిపోర్టు పారెయ్యకుండా ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టుకోమను. అక్కకి మాత్రం మామూలుగా టెస్టే.

కొత్తపేట_కొత్తోడు · 16 ఫిబ్రవరి, ఉదయం 11:05

హలో అండి, మా మామయ్య మార్చిలో సింగపూర్ నించి గుంటూరు వస్తున్నారు. ఈ 7 రోజులు ఇంకా ఉందా?

బ్రాడీపేట_4వ_లైను · 16 ఫిబ్రవరి, ఉదయం 11:40

14వ తారీఖు నించి తీసేశారు. రిస్క్ దేశాల లిస్టూ లేదు, 8వ రోజు టెస్టూ లేదు. 14 రోజులు ఎవరికి వాళ్ళు ఒళ్ళు చూస్కోవాలి, లక్షణాలు కనపడితే విడిగా ఉండి చెప్పాలి, అంతే. ఎయిర్ సువిధ ఫారం మాత్రం ఉంది.

కృష్ణలంక_దుబాయ్ · 16 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:03

నా హోటల్ బిల్లు ఎవరిస్తారు మరి 😀

పటమట_తమ్ముడు · 16 ఫిబ్రవరి, రాత్రి 8:20

అక్కావాళ్ళు క్షేమంగా చేరారు. లెటరు పనిచేసింది, థాంక్యూ బ్రాడీపేట గారూ. పైకి కొత్తగా అద్దెకొచ్చారు, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు. బాల్కనీకి ఆ నీలం బకెట్ ఇంకా అట్లాగే వేలాడుతోంది, విప్పుతానంటే అమ్మమ్మ ఒప్పుకోలా. పెరట్లో కరివేపాకు కోసి అందులో వేసి వాళ్ళని లాక్కోమంటోంది, వాళ్ళేమో రోజూ లాక్కుంటున్నారు.